పిట్‌కెయిర్న్ దీవి మొత్తం ఒక అబద్ధాల భక్తుడికి ఐదేళ్ళు ఎందుకు తలొంచింది?

గోదారి గట్టు:

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్న పిట్‌కెయిర్న్ దీవి గురించి దొరికిందల్లా చదువుతున్నాను. ఒక దగ్గర ఆగిపోయాను, ఎంత ఆలోచించినా ముందుకి పోవట్లేదు. ఇక్కడ చరిత్ర చదివినవాళ్ళు, ఓడల్లో పనిచేసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. 1789 ఏప్రిల్‌లో టోంగా దీవుల దగ్గర బౌంటీ అనే బ్రిటిష్ ఓడలో నావికులు తిరగబడి కెప్టెన్ బ్లైని చిన్న పడవలోకి దింపేశారు. తాహితి నుంచి సీమపనస మొక్కలు వెస్టిండీస్‌కి మోసుకెళ్తున్న ఓడ అది. తిరగబడ్డవాళ్ళు దొరికితే ఉరే. అందుకని వాళ్ళ నాయకుడు ఫ్లెచర్ క్రిస్టియన్ వెంట తొమ్మిదిమంది (అతనితో కలిపి) దాక్కునే చోటు వెతుక్కుంటూ 1790 జనవరిలో పిట్‌కెయిర్న్ చేరారు. అప్పటి మ్యాపుల్లో ఆ దీవి అసలు ఉండాల్సిన చోట లేదు, వందల కిలోమీటర్లు తేడాగా గుర్తుపెట్టారు, ఇక ఎవరూ వెతుక్కుంటూ రాలేరని వాళ్ళ ధైర్యం. వెంట ఆరుగురు పాలినేషియా (తాహితి చుట్టుపక్కల దీవుల) మగవాళ్ళు, డజను దాకా ఆడవాళ్ళు, ఒక పసిపిల్ల. దిగాక ఓడని తగలబెట్టేశారు, తిరిగి వెళ్ళే దారి అక్కడితో పోయింది. తర్వాత పదేళ్ళూ హత్యలు, సారా, జబ్బులు. 1800 చివరికి మగవాళ్ళలో జాన్ ఆడమ్స్ ఒక్కడే మిగిలాడు, చుట్టూ ఆడవాళ్ళు, ఇరవైమందికి పైగా పిల్లలు. ఓడలోంచి తెచ్చిన బైబిల్ పట్టుకుని ఆయన మారిపోయాడు. పిల్లలందరికీ ప్రార్థన నేర్పాడు. 1814లో రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు అటు వెళ్ళినప్పుడు ఓడెక్కిన ఇద్దరు కుర్రాళ్ళు, భోజనం ముందు పెట్టగానే చేతులు జోడించి ప్రార్థన చేశారు. అది చూసి ఆ కెప్టెన్లు కదిలిపోయారు. ఆడమ్స్‌ని పట్టుకెళ్ళకుండానే వెళ్ళిపోయారు.

1829లో ఆడమ్స్ పోయాడు. 1831లో దీవిలో జనం పెరిగి నీళ్ళు చాలవేమోనని అందరినీ తాహితికి తరలించారు. అక్కడ జబ్బులు తగిలి కొన్ని నెలల్లోనే చాలామంది పోతే, మిగిలినవాళ్ళు అదే ఏడు ఇంటికి వచ్చేశారు. వచ్చాక తాగుడు ముదిరింది. సరిగ్గా ఆ సమయంలో, 1832 అక్టోబర్‌లో, జోషువా హిల్ అనే మనిషి దిగాడు. అరవైకి దగ్గరపడ్డవాడు. నన్ను బ్రిటిష్ ప్రభుత్వం పంపింది అన్నాడు. ఎవరూ పంపలేదు, పచ్చి అబద్ధం. అయినా అందరూ నమ్మారు. మద్యపాన నిషేధ సంఘం పెట్టాడు, సారా బట్టీలు పగలగొట్టించాడు, జైలు కట్టించాడు, తన మాట కాదన్నవాళ్ళకి శిక్షలు వేశాడు. అంతకుముందే అక్కడ స్థిరపడి ఆ ఊరి అమ్మాయిలని పెళ్ళి చేసుకున్న ముగ్గురు ఇంగ్లీషువాళ్ళు ఉండేవాళ్ళు, నాబ్స్, బఫెట్, ఎవాన్స్ అని. నాబ్స్ చేతిలో ఉన్న బడినీ ప్రార్థననీ లాక్కున్నాడు. బఫెట్‌ని కొరడాతో కొట్టించాడు. 1834లో ముగ్గురినీ పెళ్ళాం పిల్లల నుంచి విడదీసి దీవి దాటించాడు.

ఈయన రాసిన ఉత్తరం ఒకటుంది, అందులో తన గొప్పలు ఏకరువు పెట్టుకున్నాడు. రాజభవనంలో ఉన్నానని, విందులో తన కుడిపక్కన యువరాణి కూర్చుందని, తనకి ఫ్రెంచి వంటవాడు ఉండేవాడని. ఒక పక్క జనానికి వినయం, నిగ్రహం బోధిస్తూ ఇంకో పక్క ఇలా రాసుకున్న మనిషి!

నా ప్రశ్న ఇది. మొత్తం ఎనభైమంది దాకా ఉన్నారు. ఈయన ఒక్కడు, ముసలివాడు, వెంట ఒక్క సైనికుడు కూడా లేడు. చేతులు కట్టి పడవలో పడేస్తే పోయేది. ఐదేళ్ళు ఎందుకు భరించారు? భక్తి ముసుగు అంత గట్టిదా, లేక నాకు కనపడని ఇంకేదైనా ఉందా?


లంగరు:

అన్నా, మంచి విషయం ఎత్తావు. నేను మర్చంట్ నేవీలో ఇంజిన్ రూమ్ మనిషిని, విశాఖ. పనామా కాలువ దాటి న్యూజిలాండ్ వెళ్ళే దారిలో పిట్‌కెయిర్న్ పక్క నుంచి వెళ్ళాను ఒకసారి. ఆ రోజు వాతావరణం బాగుందని కెప్టెన్ వేగం తగ్గించాడు. దీవి వాళ్ళు పొడవాటి పడవలో వచ్చి ఓడకి ఆనుకున్నారు, తాళ్ళ నిచ్చెన మీంచి ఎక్కారు. చెక్కతో చెక్కిన సొరచేపలు, బౌంటీ ఓడ బొమ్మలు, తేనె సీసాలు డెక్ మీద గుడ్డ పరిచి పెట్టారు. ఒక పెద్దాయన చేతులు నాకింకా గుర్తే, వేళ్ళ నిండా ఉలి తగిలిన పాత గాట్లు. నేను ఒక చిన్న చేప బొమ్మ కొన్నాను, మా ఇంట్లో టీవీ పక్కనే ఉంటుంది. గంట కూడా కాలేదు, కిందకి దిగి వెళ్ళిపోయారు. వాళ్ళ పడవ అలల మధ్య కనపడకుండా పోయేదాకా చూస్తూ నిలబడ్డాను, అంత దూరంగా, అంత ఒంటరిగా ఉన్న ఊరు నేను మళ్ళీ చూడలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే నీ ప్రశ్నకి సగం సమాధానం అందులోనే ఉంది. ఆ దీవికి ఈ రోజుకీ విమానం దిగే చోటు లేదు, ఓడ కట్టే రేవు లేదు. బౌంటీ బే అని పేరే గానీ రాళ్ళ మధ్య చిన్న సందు. 1832లో ఎలా ఉంటుందో ఊహించుకో. ఓడ ఎప్పుడొస్తుందో తెలీదు. నన్ను లండన్ పంపింది అని ఒకడు అంటే, నిజమా కాదా అని లండన్‌కి ఉత్తరం రాసి జవాబు తెప్పించుకోవాలంటే ఎన్ని నెలలు, ఎన్ని ఓడలు! పైగా ఆ ఉత్తరం ఎవరు రాస్తారు? రాయగలిగిన ముగ్గురినీ ముందు తరిమేశాడు కదా. వచ్చిన ఓడ కెప్టెన్‌తో ఊరి తరఫున మాట్లాడేది ఎవరు? మళ్ళీ హిల్లే. సముద్రం మీద పనిచేసినవాడిగా చెప్తున్నాను, బయటి ప్రపంచంతో మాట్లాడే దారి ఎవడి చేతిలో ఉంటే మిగతావాళ్ళంతా వాడి చేతిలో ఉన్నట్టే. ఓడలో శాటిలైట్ ఫోన్ తాళం చెవి ఎవరి దగ్గరుందో దాన్ని బట్టి మనుషుల నడత మారిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇంకో సంగతి. 1833 మొదట్లో చాలెంజర్ అనే యుద్ధనౌక వచ్చింది, కెప్టెన్ ఫ్రీమాంటిల్. ఈయనకి హిల్ మీద అనుమానం వచ్చింది గానీ, ఊళ్ళో తాగుడు చూసి, ఆ ముగ్గురికంటే ఈ నిషేధం మనిషే నయం అనుకుని అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. ఊరివాళ్ళ వైపు నుంచి చూడు. రాజుగారి నౌక వచ్చింది, ఆయన్ని చూసింది, ఏమీ అనకుండా వెళ్ళింది. ఇక అనుమానం ఎవరికి మిగులుతుంది?

చివరికి ఆయన్ని దింపింది కూడా ఓడే. 1837లో యాక్టియాన్ అనే నౌక వచ్చింది. హిల్ అప్పటికి తాను బెడ్‌ఫర్డ్ డ్యూక్ బంధువునని చెప్పుకుంటున్నాడు. ఆ నౌక కెప్టెన్ లార్డ్ ఎడ్వర్డ్ రసెల్, సాక్షాత్తూ ఆ డ్యూక్ కొడుకే. దాంతో గుట్టు బయటపడింది. తర్వాత వచ్చిన ఇంకో నౌక ఎక్కించి పంపేశారు.


వేపచెట్టు నీడ:

ఇద్దరూ బాగా రాశారు. చరిత్ర పాఠం చెప్పి రిటైరైన మనిషిని, కాబట్టి ఒక మాట గట్టిగానే అంటాను. మీరిద్దరూ హిల్ దగ్గరే ఆగిపోయారు. ఆ దీవిలో భక్తి ఏ తప్పుని పట్టించుకుంది, దేన్ని పట్టించుకోలేదు అనేది మొదటి రోజు నుంచి చూసుకుంటూ వస్తే హిల్ పెద్ద వింతగా కనపడడు.

గోదారి గట్టు గారూ, మీరు "వెంట డజను దాకా ఆడవాళ్ళు" అని ఒక్క ముక్కలో దాటేశారు. ఆ ఆడవాళ్ళు ఎలా వచ్చారో తెలుసా? తాహితిలో రాత్రిపూట వాళ్ళు ఓడ మీద ఉండగా లంగరు తాడు కోసేసి ఓడ కదిలించేశారు. తెలిసిన వెంటనే ఒకామె సముద్రంలోకి దూకి ఈదుకుంటూ పోయింది. వయసు ఎక్కువని ఆరుగుర్ని పక్కనున్న మోరియా దీవిలో దింపేశారు. మిగిలినవాళ్ళు మిగిలిపోయారు. ఇదంతా మనకి తెలిసింది వాళ్ళలో ఒకామె వల్లే. తెహుతెయతువవొనొవ అని ఆమె పేరు, నావికులు జెన్నీ అని పిలిచేవారు. 1817లో ఒక ఓడెక్కి దీవి వదిలి తన ఊరు చేరింది, ఆమె చెప్పినది 1819లో సిడ్నీ పత్రికలో వచ్చింది.

దీవిలో ఒక్కో తెల్లవాడికి ఒక భార్య, ఆరుగురు పాలినేషియా మగవాళ్ళకి కలిపి ముగ్గురు ఆడవాళ్ళు. భూమి తెల్లవాళ్ళే పంచుకున్నారు. విలియమ్స్ అనేవాడి భార్య కొండ మీంచి పడి చనిపోతే, ఆ పాలినేషియా వాళ్ళలో ఒకడి భార్యని తెచ్చేసుకున్నాడు. 1793 హత్యలకి మూలం అదంతా. ఆ మరుసటి ఏడు, 1794లో, ఆడవాళ్ళు తమంతట తామే పడవ ఒకటి కట్టుకుని దీవి వదిలి పోవాలని చూశారు. ఇళ్ళ చెక్కలు పీకి మరీ కట్టారు. నీళ్ళలోకి దింపగానే తిరగబడిపోయింది. నాకు ఈ మొత్తం చరిత్రలో ఎక్కువగా గుర్తొచ్చేది ఆ పడవే. చుట్టూ అంతులేని సముద్రం, ఎటు వెళ్ళాలో దారి తెలీదు, అయినా అక్కడుండటం కంటే అదే నయం అనిపించింది వాళ్ళకి.

తర్వాత ఆడమ్స్ మారాడు, నిజంగానే మారాడని నేనూ నమ్ముతాను. తాగుడు మానాడు, చంపడం పాపమని పిల్లలకి చెప్పాడు. 1825లో బ్లాసమ్ ఓడలో వచ్చిన కెప్టెన్ బీచీ ఆ దీవిలో భోజనాల గురించి రాశాడు. ముద్ద నోట్లో పెట్టేముందు ప్రార్థన, తిన్నాక ప్రార్థన, ఎంత నిష్ఠో. కానీ ఆ బల్ల దగ్గర ఆడవాళ్ళు కూర్చోలేదు. అతిథుల వెనక నిలబడి ఈగలు తోలుతున్నారు, మగవాళ్ళు తిన్నాక తినాలి. ఆ ప్రార్థన విని మెచ్చుకుని పోయిన కెప్టెన్లు ఎంతమందో! విసనకర్ర పట్టుకున్న మనిషిని ఈ దీవికి నువ్వెలా వచ్చావు అని అడిగినవాళ్ళు దాదాపు లేరు.

దాని తర్వాత అరవై ఏళ్ళకి అక్కడివాళ్ళు సెవెంత్ డే అడ్వెంటిస్టులయ్యారు, శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే క్రైస్తవ శాఖ అది. 1876లో అమెరికా నుంచి ఒక పెట్టె నిండా పుస్తకాలు వచ్చాయి, 1886లో జాన్ టే అనే ఆయన వచ్చి బోధించాడు. పంది మాంసం నిషిద్ధం కాబట్టి పందులన్నిటినీ చంపేశారు. శనివారం పని బంద్. మందు కొనాలంటే అనుమతి కావాలని చట్టం కూడా ఉండేది, ఇటీవలి దాకా. ఆ ఊళ్ళోనే 2004లో ఏడుగురు మగవాళ్ళ మీద చిన్నపిల్లలపై లైంగిక అత్యాచారాల కేసులు విచారించారు, ఆరుగురు దోషులని తేలింది. వాళ్ళలో అప్పటి మేయర్ ఉన్నాడు. ఊరి జనాభా అప్పటికి యాభై కూడా లేదు. న్యూజిలాండ్ నుంచి జడ్జిలు, లాయర్లు ఓడలో రావాల్సి వచ్చింది. తరాల తరబడి జరుగుతున్న సంగతి అది, అందరికీ తెలిసిన సంగతి. పంది మాంసం తిన్నారా, శనివారం పని చేశారా అని చూసిన కళ్ళు పన్నెండేళ్ళ పిల్లని చూడలేదు.

మీ ప్రశ్నకి నా సమాధానం ఇది. హిల్ వచ్చి కొత్తగా తెచ్చింది ఏమీ లేదు. సారా బట్టీ పగలగొట్టడం అందరికీ కనపడే పుణ్యం. ఎవరి ఇంట్లోనూ లోపలికి చూడాల్సిన పని లేదు. అలాంటి పుణ్యం అడిగేవాడు దొరికితే ఊరు సంతోషంగా తలొంచుతుంది, ఎందుకంటే మిగతా లెక్క అడగకుండా వదిలేస్తాడు కాబట్టి.


కొత్తపేట వాసి:

మేడమ్, మీరు రాసిన విషయాల్లో ఒక్కటి కూడా కాదనను. 2004 కేసు చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ నేను చర్చిలో పెరిగినవాణ్ణి, మా తాతగారు గుంటూరు దగ్గర పల్లెల్లో సైకిల్ మీద తిరిగి వాక్యం చెప్పిన మనిషి, కాబట్టి నాకు అనిపించింది చెప్పాలి.

తాగుడు సంగతి అంత తేలిగ్గా తీసేయకండి. ఆ దీవిలో మెక్‌కాయ్ అనే నావికుడు టీ అనే మొక్క (మనం తాగే టీ కాదు) దుంపల నుంచి సారా కాయడం నేర్చాడు. ఆ మత్తులోనే మెడకి రాయి కట్టుకుని కొండ మీంచి దూకి చచ్చాడు. క్వింటల్ అనేవాడు తాగి అందరినీ చంపుతానని తిరుగుతుంటే, మిగిలిన ఇద్దరూ గొడ్డలితో నరికేశారు. ఆ పిల్లల తండ్రులు పోయిన తీరు అది. అలాంటి ఊళ్ళో సారా బట్టీ పగలగొట్టాలి అని ఒకడు వచ్చి అంటే, ఎవరింటికి దెబ్బ తగిలిందో ఆ ఇంటివాళ్ళు వాడి వెనక నిలబడతారు. మా పక్క సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో ఆడవాళ్ళు పాకలు తగలబెట్టినప్పుడు వాళ్ళకి అది ఎవరో చూడ్డానికి చేసిన పుణ్యం కాదు, మొగుడి తాగుడు పిల్లల కంచంలో కనపడింది కాబట్టి చేశారు. 1832లో ఆ దీవి ఆడవాళ్ళు కూడా కొంతమంది అందుకే హిల్‌ని నమ్మి ఉంటారని నా అనుమానం, వాళ్ళ మాట ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి అనుమానమనే అంటున్నాను.

హిల్ చేసిన ఘోరం ఏంటంటే ఆ నొప్పిని ఆసరా చేసుకున్నాడు. అవసరం నిజమైనది, వచ్చినవాడు దొంగ. ఈ రెండూ ఒకేసారి ఉన్నప్పుడు దొంగని గుర్తుపట్టడం చాలా కష్టం, ఎందుకంటే వాణ్ణి ప్రశ్నిస్తే తాగుడిని సమర్థిస్తున్నట్టు కనపడుతుంది. ఆ ముగ్గురు ఇంగ్లీషువాళ్ళు కూడా మచ్చలేనివాళ్ళేం కాదు. బఫెట్‌కి పెళ్ళయ్యాక కూడా వేరే సంబంధం, పిల్లలు ఉన్నారు. హిల్ దాన్నే వేలెత్తి చూపాడు, జనం నోరు మూయించడానికి అది చాలు.

భక్తిపరులందరినీ ఒకే గాట కట్టొద్దని కూడా మనవి. నాబ్స్ కూడా ప్రార్థన చేయించిన మనిషే. తరిమేస్తే పోయాడు, తర్వాత ఊరివాళ్ళే వెనక్కి పిలిచారు, 1852లో ఇంగ్లండ్ వెళ్ళి అధికారికంగా పాస్టర్‌గా అభిషేకం పొంది మళ్ళీ ఆ జనం దగ్గరికే వచ్చాడు. మొత్తం జనాన్ని 1856లో నార్ఫోక్ దీవికి తరలించినప్పుడు వాళ్ళతోపాటే వెళ్ళాడు (కొన్ని కుటుంబాలు తర్వాత పిట్‌కెయిర్న్‌కి తిరిగొచ్చాయి). ఆయన కొరడా పట్టుకోలేదు.

ఇంకొకటి, హిల్ పట్టు ఎక్కడ జారిందో కూడా చూడండి. ఆర్థర్ క్వింటల్ (చనిపోయిన ఆ క్వింటల్ కొడుకు) కూతురు కందగడ్డలు దొంగిలించిందని, చిన్నపిల్ల అని కూడా చూడకుండా ఘోరమైన శిక్ష వెయ్యాలని హిల్ పట్టుబట్టాడు. తండ్రి కుదరదన్నాడు. హిల్ లోపలికెళ్ళి కత్తి తెచ్చి, పాపాలు ఒప్పుకో లేకపోతే చస్తావు అని మీదకొచ్చాడు. పెనుగులాటలో ఊరివాళ్ళు వచ్చి కత్తి లాక్కున్నారు. ఆ రోజు తర్వాత ఆయన మాట మునుపటిలా చెల్లలేదు. ఒక తండ్రి తన పిల్ల కోసం కాదన్నాడు, అంతే కావాల్సి వచ్చింది.


వేపచెట్టు నీడ:

సారా ఉద్యమం మాట మీరన్నది ఒప్పుకుంటున్నాను బాబూ. దూబగుంట ఆడవాళ్ళని నేను మర్చిపోయి రాశాను, అది నా తప్పే. కాకపోతే ఆ ఉద్యమంలో లెక్క అడిగింది బాధపడ్డవాళ్ళే, ఆ తేడా మాత్రం ఉంచండి. హిల్ వెళ్ళిపోయిన మరుసటి ఏడు, 1838 నవంబర్‌లో, కెప్టెన్ ఇలియట్ వచ్చి ఆ దీవికి రాసిచ్చిన చట్టంలో పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళకి కూడా ఓటు ఇచ్చారు, ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళకి రావడానికి ఎనభై ఏళ్ళ ముందు. ఓటు ఉన్న దీవిలోనే అన్నేళ్ళ పాటు ఆ చిన్నపిల్లల సంగతి బయటికి రాలేదంటే, నాకు మనసు ఊరుకోదు.


ఉప్పుగాలి:

నేను ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈ థ్రెడ్ చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. దీవి సంగతి నాకు తెలీదు, కానీ గోదారి గట్టు గారు అడిగిన "ఎందుకు భరించారు" అన్నదానికి నా దగ్గర ఒక సమాధానం ఉంది, ఎందుకంటే నేను భరించినవాళ్ళలో ఉన్నాను.

2014 అక్టోబర్, హుద్‌హుద్ తుఫాను. నాకు పందొమ్మిదేళ్ళు. అమ్మా నేనూ విజయవాడ నుంచి విశాఖ బస్సులో వస్తున్నాం. తుని దాటాక చెట్లు పడిపోయి రోడ్డు బంద్. రెండు మూడు బస్సుల జనాన్ని పక్క ఊళ్ళో ఒక సత్రంలోకి పంపారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. హాలు నిండా తడిసిన బట్టలు, ఏడ్చే పిల్లలు. మాతోపాటు తీర్థయాత్ర నుంచి తిరిగొస్తున్న బృందం ఒకటుంది, వాళ్ళకో పెద్దాయన. నుదుటి నిండా బొట్టు, గట్టి గొంతు. ఆయన రాగానే అందరికీ ధైర్యం వచ్చింది, ఇది నిజం. వంట మనుషుల్ని కుదిర్చాడు, బియ్యం లెక్కపెట్టించాడు, సాయంత్రం భజన పెట్టించాడు. మా అమ్మ కూడా చేతులు జోడించింది. దేవుడు పంపినట్టు వచ్చాడు అంది.

ఇంకో బస్సులో రికార్డింగ్ డాన్స్ ట్రూపు వాళ్ళు నలుగురు అమ్మాయిలు వచ్చారు. వాళ్ళ బ్యాగులో మెరుపుల బట్టలు కనపడ్డాయి, అంతే. పెద్దాయన మొదట వంటగదిలోకి రావద్దన్నాడు. తర్వాత హాల్లో ఆడపిల్లలున్నారు, సంసారులున్నారు, వీళ్ళు బయట పడుకుంటారు అన్నాడు. వరండా అంటే వాన జల్లు కొడుతున్న వరండా. భోజనాల దగ్గర వాళ్ళ కోసం విస్తళ్ళు చివర్లో, దూరంగా వేయించాడు. నేను ఆ విస్తళ్ళు తీసుకెళ్ళి వేశాను. ఆయన చెప్పాడు, నేను వేశాను. వాళ్ళలో ఒకమ్మాయికి నా వయసే ఉంటుంది, జడలో తడిసిపోయిన కనకాంబరాలు ఇంకా అలాగే ఉన్నాయి. నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పేసుకున్నాను.

హాల్లో వందమంది పైన ఉన్నాం. ఎవరం ఏమీ అనలేదు. ఎందుకని అడిగితే, ఆయన అన్నం పెట్టిస్తున్నాడు, ఆయన మీద కోపం వస్తే మనకి ఏమవుతుందో అనే భయం కొంత. కానీ దాని కింద ఇంకోటి ఉంది, అది చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. వాళ్ళని బయటికి పంపగానే లోపల ఉన్న మేమంతా మంచివాళ్ళం అయిపోయాం. ఆ రాత్రి భజన ఇంకా గట్టిగా జరిగింది. నేనూ పాడాను. హాయిగా అనిపించింది.

తెల్లవారుజామున అమ్మ ముఖం కడుక్కోవడానికి వరండాలోకి వెళ్ళింది. ఆ అమ్మాయిల్లో పెద్దామె అమ్మతో అంది, రాత్రి మమ్మల్ని బయట పడుకోమన్న పెద్దమనుషుల్లో ఇద్దరు అర్ధరాత్రి దాటాక వచ్చి ఫోన్ నంబర్లు అడిగారమ్మా, వస్తారా అని అడిగారమ్మా అని. ఏడవలేదు, మామూలుగా చెప్పింది. అలవాటైన విషయం చెప్పినట్టు చెప్పింది. అమ్మ ఏం మాట్లాడకుండా లోపలికొచ్చి మా చాపా, దుప్పటీ చుట్టి, నన్ను లేపి, వరండాలోకి తీసుకెళ్ళి వాళ్ళ పక్కన పరిచింది. రెండో రాత్రి మేం అక్కడే పడుకున్నాం. పెద్దాయన వచ్చి తప్పమ్మా, ఆడపిల్లని పెట్టుకుని అన్నాడు. అమ్మ ఆయన మొహం చూసి, నా పిల్లకి లోపలికంటే ఇక్కడే భద్రం అనిపించిందండి అంది. ఆయన మారు మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా చాపలు తెచ్చుకున్నారు.


గోదారి గట్టు:

ఉప్పుగాలి గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నేను అడిగిన ప్రశ్న బయట నిలబడి అడిగినట్టు ఉంది, ఎనభైమంది కలిసి ఒక ముసలివాణ్ణి పడవలో పడేయలేరా అని. ఆ హాల్లో నేనుంటే నేనూ భజనే చేసేవాణ్ణి అని ఇప్పుడు అనిపిస్తోంది.

లంగరు అన్నా, ఉత్తరాల సంగతి నాకు అసలు తట్టలేదు. మేడమ్, ఆ ఆడవాళ్ళని ఒక్క ముక్కలో దాటేసినందుకు క్షమించండి. ఆ జెన్నీ చెప్పిన మాటలు వెతికి చదువుతాను, తెలుగులో ఎవరూ చేసినట్టు లేదు, కుదిరితే ఇక్కడే కొంచెం కొంచెంగా రాసి పెడతాను.

ఒక్కటి అడగొచ్చా? ఆ అమ్మాయిలు తర్వాత ఎలా వెళ్ళారు? మీరెవరైనా మళ్ళీ కలిశారా?


ఉప్పుగాలి:

కలవలేదండి. మూడో రోజు పొద్దున ఒక లారీ అతను ఇటువైపు వెళ్తుంటే ఎక్కించుకున్నాడు. ఎక్కేముందు అమ్మ మా దుప్పటి వాళ్ళకి ఇచ్చేసింది, నీలం గళ్ళది, నాన్న వాడింది. నేను వాళ్ళ సంచి పైకి అందించాను. కనకాంబరాల అమ్మాయి పేరు అడుగుదామని నోటిదాకా వచ్చింది, అప్పటికే లారీ కదిలింది.